చోటు లేదన్న కంప్యూటరు

మా ఏసీలోకి మొదటి కంప్యూటరు వచ్చింది తొంభైల చివర్లో. ఏసీ అంటే గోడకు బిగించి రిమోటు నొక్కేది కాదు. గుంటూరు చుట్టుపక్కల మిరప రైతు "సరుకు ఏసీలో పెట్టా" అన్నాడంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టాడని అర్థం. చిలకలూరిపేట రోడ్డు మీద అలాంటి ఒక ఏసీలో నేను చాలా ఏళ్ళు ఆఫీసు చూశాను. బీఎస్సీ చదివి, ఆరు నెలలు కంప్యూటరు కోర్సు చేసి, ఆ ఆవరణ మొత్తానికి కీబోర్డు మీద వేళ్ళు పెట్టడం తెలిసిన ఒక్కదాన్ని కాబట్టి నా నోటిని భరించారు. ఈ మాట నాది కాదు, మా ఓనరు గారిది. నేను ఆయన్ని కాదనని సందర్భాలు తక్కువ. అదొకటి.

బయటివాళ్ళు ఏసీలో పనంటే చల్లబెట్టడం అనుకుంటారు. చల్లబెట్టేది మిషను. మనుషుల పని వెతకడం. వేసవిలో టిక్కీలు, అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోతాలు, లారీల కొద్దీ దిగుతాయి. నాలుగు చాంబర్లు, ఒక్కోదానిలో అయిదు అంతస్తులు, లోపల చీకటి, వణుకు, ముక్కు మండే ఘాటు. ఆరు నెలల తర్వాత రైతు వచ్చి "నా సరుకు తియ్యండి" అంటే ఏ చాంబరు, ఏ అంతస్తు, ఏ వరస అని చెప్పాలి. చెప్పలేకపోతే హమాలీలు కొండను తవ్వినట్టు తవ్వాలి. అది వాళ్ళ మేస్త్రి నడుముకు తెలుసు.

ఆ వెతుకులాట కోసం మా లెక్చరరు గారొక ప్రోగ్రాం రాసిచ్చారు. నాకు డిగ్రీలో లెక్కలు చెప్పిన మనిషి. డాసులో నడిచేది, నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట్లాడేది. తెరవగానే "నమస్కారం" అనేది. తప్పు అంకె కొడితే "మరొకసారి చూసుకోండి" అనేది. క్లాసులో ఆయన మమ్మల్ని ఎప్పుడూ అంత మర్యాదగా అడగలేదు.

అందులో ఇంకెక్కడా లేని గడి ఒకటి ఉండేది, "గుర్తు" అని. దాన్ని పోట్లాడి పెట్టించింది నేనే. మా రైతుల్లో తాత పేరు మనవడికి పెట్టడం ఉంది. తాతకు ముగ్గురు కొడుకులుంటే ముగ్గురికీ పుట్టిన మగపిల్లలకి అదే పేరు. ఇంటిపేరు అదే, ఊరు అదే. మార్టూరు దగ్గరి ఒక ఊరినుంచి అలాంటి అన్నదమ్ముల పిల్లలు ముగ్గురు మాకు సరుకు పంపేవాళ్ళు. పైగా ముగ్గురి బాండ్లూ, అంటే సరుకు దించుకున్నప్పుడు మేమిచ్చే రసీదులు, వాళ్ళ నాయనమ్మ ట్రంకుపెట్టెలో ఒకే గుడ్డమూటలో ఉండేవి. ఎవరికి సరుకు కావాలన్నా ఆ ముసలమ్మ చేతికి తగిలిన బాండు తీసిచ్చేది. ఒకడి బాండుతో ఇంకొకడు వచ్చేవాడు, తెలియకుండానే. అందుకే గుర్తు. ఒకాయనకు "ఎర్ర ట్రాక్టరు" అని రాశాను. ఒకాయనకు "మెతక మనిషి" అని. మూడో ఆయనకు ఏం రాశానో తర్వాత చెప్తాను.

రెండు వేల ఆరో ఏడో, ఒక గురువారం కరెంటు ఒక్కసారిగా ఎక్కువై పాత కంప్యూటరు కాలిపోయింది. వాసన చూసి మేస్త్రి, "అక్కా, కాయ మాడినట్టుందే" అంటూ పరిగెత్తుకొచ్చాడు. మాడింది కాయ కాదని చూపిస్తే తల పట్టుకున్నాడు. లోపలి డిస్కు మాత్రం బతికింది. శుక్రవారం పొద్దున్నే ఓనరు గారు గుంటూరు నుంచి కొత్త కంప్యూటరుతోబాటు దాన్ని అమ్మిన సర్వీసు ఇంజనీరును కూడా కారెక్కించుకొచ్చారు. కొత్త విండోస్, ఎనభై జీబీ డిస్కు. పాత డిస్కులోంచి ప్రోగ్రాం ఉన్న ఫోల్డరు దానిలోకి ఎక్కించి ఇంజనీరు ఒక్కసారి నొక్కాడు. నల్ల తెర వచ్చింది.

"నమస్కారం," అంది. వెంటనే, "డిస్కులో చోటు లేదు. కొన్ని ఫైళ్ళు తీసేసి మళ్ళీ రండి," అని మూసుకుపోయింది.

"చూశారా మేడమ్, పాత సాఫ్ట్‌వేరు కొత్త సిస్టంలో రన్ అవదండి," అన్నాడు ఇంజనీరు.

"నమస్కారం పెట్టిందిగా?"

"పెడితే?"

"గుమ్మంలోకొచ్చి నమస్కారం పెట్టినవాడు ఇంట్లో ఉన్నట్టా, లేనట్టా? రన్ అయింది. అయ్యాక ఏదో నచ్చక పోయింది. అదేంటో చెప్పండి."

అతను నాకు చెప్పడం మానేసి ఓనరు గారి వైపు తిరిగాడు. తమ దగ్గర కొత్త సాఫ్ట్‌వేరుందని, బాండు పుస్తకం చూసి పేర్లన్నీ ఎక్కించేస్తామని, అక్కడే కూర్చుని ఒక పేజీ ఎక్కించి చూపించాడు కూడా. మార్టూరు వైపు ముగ్గురూ వచ్చేసరికి "ఇవి డూప్లికేట్లండి" అని ముగ్గురినీ ఒక్కడిని చేసేశాడు.

"మూడు కాపురాలు ఒక్క మౌసు నొక్కుతో కలిపేశావు నాయనా," అన్నాను. "వాళ్ళ నాయనమ్మ వల్ల కూడా కాలేదది."

ఓనరు గారు నవ్వలేదు. "అమ్మా, సోమవారం ఆ ముగ్గురిలో ఒకాయన లారీ వస్తోంది. ఎవరి సరుకు ఎవరికిచ్చినా మళ్ళీ ఆ ఊరివాడు మన గేటు తొక్కడు. సోమవారం లారీ వచ్చేలోపు నీ పాతది నడిస్తే సరే. లేదంటే ఏ సరుకు ఎక్కడుందో చాంబర్లు దింపి, లెక్కబెట్టి, కొత్తదానిలోకి ఎక్కించుకుంటాం."

నాలుగు చాంబర్లు దింపడం! మేస్త్రి ముఖం చూస్తే నాకే ఏడుపొచ్చింది. నేను ఏడిస్తే నోటినుంచి ఏడుస్తాను. "సోమవారానికి దీన్ని నడిపించకపోతే కుర్చీ దిగి తొడిమలు తీసేవాళ్ళ పక్కన కూర్చుంటా," అనేశాను.

మేస్త్రి నమాజుకు టోపీ పెట్టుకుని వెళ్తూ వెళ్తూ ఆ కబురు షెడ్డులో వేసి పోయాడు. అక్కడ ముప్ఫై మంది ఆడవాళ్ళు మిరపకాయలకు తొడిమలు తీస్తూ ఉంటారు. మధ్యాహ్నం నేను కాఫీకి బయటికొస్తే అందరికంటే పెద్దావిడ పిలిచింది.

"ఏమ్మా, మా పనంటే నీకు శిక్షా?"

"అట్టా కాదు పిన్నీ..."

"అట్టాగే అన్నావంట. రోజుకి ఒక్క బుట్ట తియ్యగలవా నువ్వు? సాయంత్రానికి చేతులు మండి మొగుడికి అన్నం కూడా పెట్టలేవు."

"ఆయనే పెట్టుకుంటాడు."

"అదీ నిజమే. అయినా నీకో పీట వేసి ఉంచుతాంలే." నిజంగానే వేశారు, గుమ్మం పక్కన, నా కిటికీలోంచి కనపడేట్టు.

ఇంక మేం చేసిన తెలివితక్కువ పని. చోటు లేదంటోంది కదా అని చోటు చెయ్యడం మొదలుపెట్టాం. ఇంజనీరు నమూనాకని ఎక్కించిన పాటలు తీసేశాం. సినిమాలు తీసేశాం. ఆటలు తీసేశాం. తీసిన ప్రతిసారీ నొక్కడం, అది నమస్కారం పెట్టడం, చోటు లేదనడం. సాయంత్రానికి ఆ కంప్యూటరులో కడిగిన పళ్ళెం అంత ఖాళీ ఉంది.

"అక్కా," అన్నాడు మేస్త్రి నా భుజం మీదుగా చూస్తూ, "ఇంత ఏసీ ఖాళీ పెట్టుకుని చోటు లేదంటదేంటి? దీనికి ఎవరి సరుకన్నా దించుకోవడం ఇష్టం లేదేమో."

"నీకున్నట్టు దానికీ నడుము నొప్పేమో."

శనివారం పొద్దున షెడ్డులో గోల వినపడి వెళ్ళాను. తీసిన కాయ తూచడానికి అక్కడొక గడియారం కాటా వేలాడుతుంటుంది, యాభై కేజీల వరకే. పెద్ద కాటా దూరమని మేస్త్రి బద్ధకించి నిండు టిక్కీ, దాని మీద ఇంకో బుట్ట కలిపి దానికే తగిలించాడు. ముల్లు పూర్తిగా ఒక చుట్టు తిరిగి మళ్ళీ సున్నా దాటి కాస్త ముందుకొచ్చి ఆగింది.

"అయిదు కేజీలంట! పొద్దుట్నించీ ఇంతమందిమి తీసింది అయిదు కేజీలంటండీ, చూడండి మేస్త్రి న్యాయం!" అని ఆడవాళ్ళు విరగబడుతున్నారు.

నేను నవ్వబోయి ఆగిపోయాను. బరువు తక్కువై కాదు ముల్లు అక్కడుంది. ఎక్కువై. కాటా అబద్ధం చెప్పడం లేదు, దానికి యాభై దాటి చెప్పడం రాదు, అంతే.

ఆఫీసులోకొచ్చి లెక్చరరు గారికి ఫోను చేశాను. రిటైరై వేటపాలెంలో ఉంటున్నారు.

"సార్, మీ ప్రోగ్రాం తెరవగానే డిస్కులో ఖాళీ ఎంతుందో చూస్తుందా?"

"చూడాలి కదా. మధ్యలో డిస్కు నిండితే రైతు సరుకు ఏమవుతుంది?"

"ఎంతవరకు లెక్కపెట్టగలదు?"

"ఖాళీ ఎంతుంది నీ దగ్గర?" అన్నారు.

"డెబ్భై జీబీ పైన."

"అబ్బో! రెండు జీబీ దాటితే ఆ అంకె దానిలో పట్టదమ్మా. చుట్టు తిరిగి సున్నా కిందికి పోతుంది. సున్నా కంటే తక్కువ ఖాళీ ఉందంటే పాపం అదేమనుకుంటుంది?"

"చోటు లేదనుకుంటుంది. మీరు క్లాసులో మాకు ప్రతి లెక్కకీ హద్దులు చూసుకోమన్నారు సార్."

"నేనది రాసిన రోజున మీ కంప్యూటరు డిస్కు మొత్తం కలిపి రెండు జీబీ! అంత ఖాళీ ఎవడి దగ్గరుంటుందని కలగంటాను? రిటైరైనవాడితో కూడా పోట్లాడతావేం? చిన్న డిస్కులో పెట్టి నడుపు."

చిన్న డిస్కు ఎక్కడిది? ఫ్లాపీలో అది పట్టదు. తల తిప్పితే ఓనరు గారి మెడలో కనపడింది. ఆ రోజుల్లో పెన్‌డ్రైవు కొత్త. ఆయన దాన్ని తాడుకట్టి మెడలో వేసుకుని తిరిగేవారు. కారులో వినే భజనలుండేవి దానిలో. మొత్తం పావు జీబీ.

"అది ఇలా ఇవ్వండి."

"దీన్లో భజనలున్నాయమ్మా."

"ఉండనివ్వండి. మిగిలిన చోటు చాలు. చోటు తక్కువుండడమే మనకు కావాలి."

ఆయనకు అర్థం కాలేదు గానీ, ఇంజనీరుకు ఎదురుచెప్పిన నాకు తాను ఎదురుచెప్పడం దేనికని ఇచ్చేశారు. ఫోల్డరు దానిలోకి ఎక్కించి అక్కడినుంచే నొక్కాను. నల్ల తెర. "నమస్కారం." నా వెనకాల మేస్త్రి ఊపిరి పట్టాడు. "లాటు నంబరు చెప్పండి," అంది.

మేస్త్రి కేక షెడ్డు దాకా వినపడింది. అక్కడినుంచి పెద్దావిడ, "పీట తియ్యమంటావా?" అని అరిచింది. "సోమవారం దాకా ఉంచు," అన్నాను. గెలిచానని ముందే అనుకునేంత తెలివితక్కువదాన్ని కాదు.

సోమవారం తొమ్మిదింటికి లారీ వచ్చింది. ఆ ముగ్గురిలో మూడో ఆయన దిగి బాండు బల్ల మీద కొట్టాడు. "తొరగా తియ్యండి. ఎండెక్కకముందే మిర్చి యార్డుకు చేరాలి."

బాండు మీది లాటు నంబరు కొట్టాను. రెండో చాంబరు, మూడో అంతస్తు. గుర్తు: మెతక మనిషి. తల ఎత్తి ఎదురుగా ఉన్నాయన్ని చూశాను. ఇంకో చెయ్యి కూడా బల్ల మీద కొడుతున్నాడు.

"ఈ బాండు మీది కాదండి."

"నాది కాదా? నా పేరు కాదా? నా ఊరు కాదా?"

"పేరు మీదే. సరుకు మీ చిన్నాన్న గారబ్బాయిది. మీ నాయనమ్మ గారు మళ్ళీ ఆయనది తీసిచ్చారు."

"మీ కంప్యూటరు కాలిపోయిందంటగా, అడ్డదిడ్డంగా చెప్తోందేమో!"

ఆ పేరు మీదున్న మూడు లాట్లూ తెర మీదికి తెచ్చాను. ఆయనది నాలుగో చాంబరు, పై అంతస్తు. మేస్త్రి మనుషులు వెళ్ళి ఒక టిక్కీ దింపుకొచ్చారు. ఆయన కుట్టు మూల విప్పి, గుప్పెడు కాయ చేతిలో పోసుకుని, ఒకటి విరిచి, గింజ చూసి, వాసన చూశాడు. ముఖం మారింది.

"నాదే. తమ్ముడిది ఇంకో రకం." చేతిలో కాయ మళ్ళీ గోతంలో పోసి, "వాడి సరుకు నేను అమ్ముకుని ఉంటే ఏ మొహంతో ఇంటికి పోయేవాణ్ణి?" అన్నాడు మెల్లగా. ఆయన మెల్లగా మాట్లాడగా వినడం నాకదే మొదలు. ఎంతోసేపు నిలవలేదు. "అయినా మేడమ్, నా బాండు చూడకుండా నేనే నేనని ఎట్టా తెలిసింది?"

"కంప్యూటరులో గుర్తుంది."

"ఏం గుర్తు?"

"అది ఆఫీసు విషయమండి." తెర అటు తిప్పబోయాను. ఆయన అప్పటికే బల్ల మీదుగా వంగి, ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం కూడబలుక్కుని చదివేశాడు.

"ము... క్కో... పి! ముక్కోపా? నేనా? నాకా కోపం? ఎవడు రాసిందది? ఒరేయ్, నాకు కోపమని ఎవడన్నాడ్రా?"

ఆ అరుపుకి షెడ్డులో ఆడవాళ్ళందరూ చేతులాపి చూశారు. లారీ డ్రైవరు కిందికి దిగాడు. మేస్త్రి తలపాగా నోటికి అడ్డం పెట్టుకుని చాంబరులోకి పారిపోయాడు. ఆయన చుట్టూ చూశాడు, తన గొంతు తనకే వినపడినట్టుంది. ముందు డ్రైవరు నవ్వాడు, తర్వాత ఆయనే నవ్వాడు.

"మార్చొద్దులే మేడమ్, ఉండనీ," అన్నాడు. "మా వాడికేం రాశారు?"

"అది ఆయన్నే వచ్చి చూసుకోమనండి."

తన బాండు తర్వాత పంపిస్తానని ఆయన సంతకం పెట్టి, టిక్కీలన్నీ ఎక్కించుకుని వెళ్ళిపోయాక ఓనరు గారు తన భజనల సంగతి అడిగారు. కొత్తది కొనుక్కోమన్నాను. ఆ పెన్‌డ్రైవును మేస్త్రి గోతం ముక్కలో పెట్టి పురికొసతో టిక్కీ కుట్టినట్టే కుట్టి, మూతి మాత్రం బయటికి ఉంచి, కంప్యూటరుకు కట్టేశాడు. ఆ తర్వాత మరో నాలుగేళ్ళు మా ఏసీ దానిమీదే నడిచింది. దాన్లో ఏదైనా ఎక్కువ ఎక్కించమని ఎవరడిగినా నేను ఒప్పుకోలేదు, తియ్యమన్నా ఒప్పుకోలేదు.

ఆ మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. పీట ఇంకా గుమ్మం పక్కనే ఉంది.

"నడిచిందిగా, మళ్ళీ ఎందుకొచ్చావ్?" అంది పెద్దావిడ.

"అన్నం తినడానికి," అని కూర్చున్నాను. తిన్నాక ఒక గుప్పెడు కాయ ముందేసుకుని తొడిమలు తీయబోయాను. ఆవిడ చూసి చూసి, "వద్దు తల్లీ, కాయ విరిచేస్తున్నావు. పోయి నీ మిషను చూసుకో," అంది. అక్కడ మాత్రం నేను వాదించలేదు.