వాల్రస్‌కు కట్టిన పళ్ళసెట్టు

1948. భారత సైన్యం మా సంస్థానంలోకి దిగిన పోలీసు చర్య అయి నెల కూడా కాలేదు. రాంగోపాల్‌పేట్‌లో నా దుకాణం. నేను డెంటల్ మెకానిక్‌ని. అంటే పళ్ళు పీకేవాణ్ణి కాదు, పోయిన పళ్ళకు సెట్టు కట్టేవాణ్ణి. ఆ రోజుల్లో కొత్త పళ్ళు అడిగేవాళ్ళే లేరు, ఉన్నవి బిగబట్టుకుని ఇళ్ళలో కూర్చున్నారు.

ఒకనాడు పొద్దున్నే మా వీధి సైన్సు పంతులు నర్సింగరావు గోనెసంచితో దిగాడు. అందులోంచి తీసి బల్ల మీద పెట్టినదాన్ని చూసి, కుర్చీలో ఉన్న ముసలమ్మ "మళ్ళొస్త బిడ్డా" అని లేచిపోయింది. అది వాల్రస్ పుర్రె. వాల్రస్ మంచు సముద్రాల్లో బతికే జంతువు, పైదవడ నుంచి రెండు కోరలు కిందికి వేలాడతాయి. ఒక దొర వెళ్ళిపోతూ బడికి ఇచ్చాడట. ఒక కోర ఊడి ఉంది.

"ఎట్ల పడ్డది పంతులూ?"

"మొన్న గడబిడల ఇమానాల మోత ఇని టేబుల్ కిందికి దూరబోయిన. పైనున్న గుడ్డ పట్టి గుంజిన. గిది నా నెత్తి మీదనే పడ్డది." మచ్చ చూపించాడు. "బేస్తారం నాడు కొత్త ఇన్‌స్పెక్టర్ వస్తుండు ఖాదర్ భాయ్. ఖరాబ్ చేసిన్నని తెలిస్తే నా నౌకరీ పోతది. నలుగురు పిల్లలు."

"ఫికర్ జెయ్యకు."

కోర కూర్చోబెట్టడం పెద్ద పని కాలేదు. నా కన్ను వేరేచోట పడింది. ముందు భాగంలో పైనా కిందా ఒక్క పన్ను లేదు, ఎముక నున్నగా మానిపోయింది. పళ్ళు ఊడి ఏళ్ళయిన ముసలివాళ్ళ దవడ అచ్చం అలాగే ఉంటుంది. పాపం, ముసలి ప్రాణం అనుకున్నాను. బైట్, అంటే పైపళ్ళూ కిందిపళ్ళూ కలిసే తీరు, సరిగా లేని నోరు నా దుకాణం గడప దాటదు. గులాబిరంగు వల్కనైట్ చిగుళ్ళతో పన్నెండు ముందుపళ్ళు చేసి తొడిగాను. వల్కనైట్ అంటే మా సెట్లకు వాడే గట్టి రబ్బరు.

పంతులు చూసి నసిగాడు. "ముందుగాల గివి ఉండెనా?"

"ఇరువై ఏండ్ల సంది నోళ్ళు జూస్తున్న. నాకు దెల్వదా?"

ఆ బేస్తారమే, గురువారం మధ్యాహ్నం, పంతులు మళ్ళీ వచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. వెనకాలే మద్రాసు వైపు నుంచి వచ్చిన ఆ ఇన్‌స్పెక్టరు, చేతిలో నా సెట్టు. పుర్రె ఎత్తి చూడబోతే అరచేతిలోకి జారిపడిందట.

"ఇది చేసింది మీరేనా?" అన్నాడాయన. ఆయన నోట్లో సెట్టు ప్రతి మాటకూ టకటకమంటోంది.

నా గొప్పలకు పంతులు పిల్లల నోటికాడి ముద్ద పోయింది కదా అని సిగ్గేసింది. "తప్పు నాది సాబ్. పంతులుకేం దెల్వది."

"వాల్రస్‌కు ముందుపళ్ళు ఉండవండీ. నత్తగుల్లల్ని పెదాలతో పట్టి లోపలి మాంసం పీల్చేస్తుంది. దానికి కొరికే పనే లేదు." సెట్టును అటూ ఇటూ తిప్పాడు. "కోటి ఏళ్ళ కిందటి దీని పూర్వీకుల్లో కోరల్లేకుండా, పళ్ళతో చేపలు పట్టేవి ఉండేవట. ఈ సెట్టు దీని ముత్తాతకైతే సరిపోయేది."

పంతులు నేలచూపులు చూస్తున్నాడు.

"కోర బాగానే అతికింది, దాని గురించి నేను రాసేదేం లేదు," అని ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడు. "ఇప్పుడు నా సంగతి చూడండి."

పంతులు గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు. నేను అద్దం అందుకోబోయి ఆగాను.

"ముందుగాల ఒక్కటి చెప్పుండ్రి సాబ్. మీరేం తింటరు?"

"మా ఆవిడ చేసే జంతికలు. రెండేళ్ళయింది తిని."

ఇరవై ఏళ్ళలో ఆ మాట ఎవర్నీ అడగలేదు నేను. ఆ తర్వాత అడక్కుండా ఎవరి నోరూ చూడలేదు. ఆయన సెట్టు తయారైన రోజు భార్యాభర్తలిద్దరూ జంతికల డబ్బాతో వచ్చారు. ఆయన నా కుర్చీలోనే కూర్చుని డబ్బా సగం ఖాళీ చేశాడు. ఆవిడ ఆ కరకర చప్పుడు వింటూ నిలబడింది.