గ్రీకు కూజా, పెళ్ళి చిలక

నాకు తెలిసిన గ్రీకువాడు ఒక్కడే. వాడు చచ్చి రెండు వేల ఏళ్ళు దాటిపోయిందట. పేరేమిటో ఎవరికీ తెలీదు. కుండల మీద గోచీ కూడా లేని మగాళ్ళ బొమ్మలు వేసేవాడు. అలాంటివాడు ఆనందపురం జంక్షన్ దగ్గర మా కుండల షెడ్డు దాకా వచ్చి, మా ఇంటి గుట్టు రోడ్డున పెట్టబోయాడు.

తొంభైలు అయిపోతున్న రోజులవి. పెద్దాళ్ళకి చదువు చెప్పే బడిలో నేను అప్పుడే అక్షరాలు దిద్దుతున్నాను. బస్సు బోర్డు పైకి చదివేసి కండక్టరు వైపు గొప్పగా చూసేదాన్ని. అతను టిక్కెట్టు కొట్టి ఇచ్చేవాడు, అంతే.

మా షెడ్డులో సారె తిప్పేది నా మొగుడు. బొమ్మలు వేసేది మేమిద్దరం తోడికోడళ్ళం. నా మొగుడికి ఆవిడ వదిన, నాకు అక్క వరస, అప్ప అని పిలుస్తాను. పనితనమంతా ఆవిడ చేతిలోనే ఉంది. నేను వేసిన చిలక కోడిలా ఉండేది. చూస్తే కోడి కూడా ఒప్పుకోదు.

మాకు అన్నం పెట్టేవి పెళ్ళికి పెట్టే ఐరేని కుండలు. సున్నం పూసి, ఎర్రమట్టితో, పసుపుతో చిలకల్నీ తామరపూలనీ వేస్తే, పెళ్ళివాళ్ళు మేళంతో వచ్చి తీసుకెళ్తారు. వాటి మీద ముత్తైదువ చెయ్యే పడాలి. అప్ప మొగుడు పోయిన నాటి నుంచి ఆవిడ చెయ్యి పనికిరాకుండా పోయింది. పోయింది మనిషి, శిక్ష చేతికి.

ఇంట్లో పెద్దాళ్ళు అప్పని మట్టి తొక్కమన్నారు. కొన్నాళ్ళు తొక్కింది. నా చిలకల్ని చూసి పెళ్ళివాళ్ళు మొహాలు చిట్లిస్తుంటే ఉండబట్టలేక, "ఇలా తే" అని కుంచె లాక్కుంది. అప్పట్నుంచి షెడ్డు వెనక తడక చాటున కూచుని ఆవిడ వేసేది. నేను ముందు కూచుని చేతులకి సున్నం పూసుకునేదాన్ని. నా మొగుడికి అంతా తెలుసు. తెలిసి తెలియనట్టుండడం, సారె తర్వాత ఆయనకొచ్చిన రెండో విద్య.

ఒకరోజు పొద్దున్న ఓ పెళ్ళివారు కుండల కోసం వచ్చారు. పెళ్ళికూతురి నాయనమ్మ బల్ల మీద కూచుంది. మేళగాళ్ళు రోడ్డు పక్క టీ తాగుతున్నారు. సరిగ్గా అప్పుడే సిటీ నుంచి ఒకమ్మాయి స్కూటీ మీద దిగింది. బీచ్ రోడ్డులో కడుతున్న హోటలుకి అలంకరణ చేస్తోందట. సంచిలోంచి ఫోటోలు తీసి పరిచింది. ఎర్ర కూజాల మీద నల్ల మగాళ్ళు. పరిగెడుతున్నారు, కుస్తీ పడుతున్నారు, ఏం చేసినా బట్టల్లేకుండానే.

"ఆళ్ళూర్లో నేతగాళ్ళు నేరేటి?" అన్నాడు నా మొగుడు.

"అది వాళ్ళ పద్ధతండీ. మా హాల్లోకి ఇలాంటి కూజాలు కావాలి. ఇవి వేసినాయన పేరు ఎవరికీ తెలీదు. కానీ చెవులు, మడమలు వేసిన తీరు చూసి, ఎక్కడెక్కడో దొరికినవన్నీ ఒకే చెయ్యి అని పట్టుకున్నారు. షెడ్డులో ఎంతమంది వేసినా, ఎవరి చెయ్యి ఎవరిదో దొరికిపోతుంది."

"దొంగల్ని పట్టినట్టేనన్నమాట" అన్నాను.

"అంతే ఆంటీ. ఉండండి, చూపిస్తాను" అని, ఎండలో వరసగా పెట్టిన పెళ్ళి కుండల దగ్గరికెళ్ళి కూచుంది. ఎవరూ చూపించమనలేదు.

"వీటి మీద చిలక ముక్కూ కన్నూ ఒకే గీతలో వచ్చేశాయి, కుంచె ఎత్తలేదు. ఈ చివరి దాని మీద ముక్కు రెండు ముక్కలు, కన్ను నెత్తికెక్కింది. మీ దగ్గర ఇద్దరు వేస్తున్నారు. బాగా వేసేది ఎవరు?"

ఆ చివరి కుండ నాది. చేతులు ఖాళీగా ఉండలేక వేశాను.

నా మొగుడు ఆగిపోయిన సారెనే చూస్తూ కూచున్నాడు. గాజుల్లేని చేతులు కదా, తడక వెనక ఎలాగూ చప్పుడుండదు. ఇప్పుడు కుంచె గీకుడు కూడా ఆగిపోయింది. పెళ్ళివాళ్ళు లేచి తడక తోశారంటే కుండలు అక్కడే పగలగొట్టి పోతారు. సాయంత్రానికి ఊళ్ళన్నీ తెలిసిపోతుంది. అప్ప ఇక జన్మలో కుంచె పట్టదు.

"రెండూ నావే. పొద్దున్న ఒకలాగొస్తాది, ఎండెక్కాక ఇంకోలాగొస్తాది" అన్నాను.

"ఎండకి చెయ్యి వణుకుతుందేమో గానీ గీత మారదు ఆంటీ."

"నీకు పెళ్ళయిందేటి?"

"లేదు."

"మరైతే పెళ్ళి కుండల సంగతి నీకేటి తెలుస్తాది?"

ఆ పిల్ల బిక్కమొహం వేసింది. నాయనమ్మ మాత్రం లేచింది. కర్ర ఊతంగా వచ్చి కుండ మీదకి వంగి, వేలితో గాల్లో ఆ ముక్కు గీత తిప్పింది.

"మా కూతురి పెళ్ళికొచ్చిన సిలక ఇదే. ఆ కుండ ఇంకా మా అటక మీదుంది" అంది. నా వైపు తిరిగి, "అప్పటికి నువ్వీ ఇంటికి కోడలిగా రానేదు కదేటే?"

నేను వంగి చేతులకున్న సున్నం దులుపుకున్నాను.

ముసలావిడ తడక వైపు చూసింది. ఆవిడ నుదుటా బొట్టు లేదు.

"మా అల్లుడు రాయిలాగున్నాడు. పిల్లలు గుండ్రాళ్ళలాగున్నారు. ఆ సిలక ఎవుల్ని ఏటి సేసింది?" అంది, ఎవరినీ అడగనట్టు. తర్వాత రోడ్డు వైపు కేకేసింది. "మీ టీలు తగలెయ్య, వొచ్చి వాయించండర్రా. ఇవన్నీ ఎత్తండి. ఆ సివరిది మాత్రం ఒద్దు. అది సిలకో గెద్దో తెలీడం నేదు, పందిట్లో పిల్లలు జడుసుకుంటారు."

మేళం వెళ్ళిపోయింది. ముత్తైదువ చెయ్యి పడ్డ ఒకే ఒక్క కుండ మాకు మిగిలింది.

హోటలు కూజాలు అప్పే వేసింది. హోటలుకి ముత్తైదువ అక్కర్లేదు కదా, దర్జాగా షెడ్డు ముందుకొచ్చి కూచుంది.

"అప్పా, అక్కడో ఆకైనా అడ్డం పెట్టు" అన్నాను.

"సూడలేకపోతే నువ్వెళ్ళి కూర తరుక్కో."

గ్రీకు మగాళ్ళందరికీ చిలక ముక్కులొచ్చాయి. ఆ అమ్మాయి మురిసిపోయి, కింద పేరు రాయమంది. రాసే విద్య నాకొచ్చింది కదా, కుంచె అందుకోబోయాను. అప్ప చేతి మీద ఒక్కటేసింది.

"పేరు రాత్తే పెళ్ళిళ్ళోళ్ళకి దొరికిపోనేటి? నీ సదువు బస్సుల మీద సూపించుకో."

కూజాలు హోటలుకెళ్ళిపోయాయి. అప్ప మాత్రం ముందు నుంచి లేవలేదు. దారినపోయేవాళ్ళు ఆగి "ఏటేస్తన్నావు?" అంటే, "హోటలు పని" అనేది. ఒళ్ళో ఉన్నది పెళ్ళి కుండ. ముక్కు అయిపోయిన చిలక, రెక్కలు ఇంకా వెయ్యాలి.