ముసుగు మీద ఎర్రగీత

ఆదివారం మధ్యాహ్నాలు మేం నలుగురం, బళ్లో పాఠాలు చెప్పే పెద్దవాళ్లం, తిరుపతిలో మా ఇంటి మేడమీద చేరి సూపర్‌హీరోల ఆట ఆడతాం. ఒకరు కథ నడిపిస్తారు, మిగిలినవాళ్లు తలా ఒక హీరో. పాచికలు వేస్తూ, గళ్ల కాగితం మీద బొటనవేలంత బొమ్మల్ని జరుపుతూ ఊరిని కాపాడతాం. నా హీరో, ఘాట్ రోడ్డులో బ్రేకులు ఫెయిలైన బస్సును ఒంటిచేత్తో ఆపే ఆడమనిషి. ఆన్‌లైన్లో దొరికే ఆడ హీరోల బొమ్మలన్నీ ఊదితే ఎగిరిపోయేలా ఉంటాయి. బస్సును ఆపాలంటే ఒంట్లో కాస్త పుష్టి ఉండొద్దూ? అందుకే, కొండకొచ్చినవాళ్లు పిల్లలకు కొనిచ్చే ప్లాస్టిక్ బొమ్మ ఒకటి తెచ్చి, పైపు లీకులకు పెట్టే ముద్దతో దానికి నడుమూ భుజాలూ నాలాగే దిట్టంగా చేశాను.

ఆ రోజుల్లో మా ఇంట్లో అందరి కళ్లూ నాయన కుడిచేతి మీదే ఉండేవి. ఆయన గుడి ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. రోజూ స్నానం కాగానే కిటికీకి తగిలించిన చిన్న అద్దం ముందు కూర్చుని నామం తనే పెట్టుకునేవాడు. అటూ ఇటూ తెల్లటి తిరుమణి, నడుమ ఎర్రటి శ్రీచూర్ణం. ఆ తీరు మీద ఆయనకు కాస్త గర్వం కూడా. అలాంటిది ఉన్నట్టుండి చెయ్యి వణకడం మొదలైంది, నామం వంకరపోయింది. మా తాతకూ ఇలాగే మొదలై, చివరికి అన్నం కూడా ఇంకొకరు తినిపించాల్సి వచ్చింది. ఆ సంగతి మాలో ఎవ్వరం పైకి అనలేదు. నాయనే ఒకనాడు అద్దం తీసి అమ్మ చేతికిచ్చి, "ఇంక నువ్వే పెట్టు" అని కళ్లు మూసుకున్నాడు.

డాక్టరు మాత్రం, ఇది ఆయాసానికి వాడే మాత్రల వల్ల కావచ్చు, అవి మార్చి చూద్దాం, తగ్గకపోతే పరీక్షలు చేయిద్దాం అన్నాడు. మాత్రలు మార్చాం. ఆ తర్వాత నాయన కుడిచెయ్యి మా కంట పడితే ఒట్టు. కాఫీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకునేవాడు, అన్నానికి గోడవైపు తిరిగి కూర్చునేవాడు. తగ్గిందా అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆయన మీద కాదు, అడగలేని నా నోటి మీద.

ఒక శనివారం సాయంత్రం హాల్లో కూర్చుని బొమ్మకు రంగులు వేస్తున్నాను. మర్నాడు ఆట. ముసుగుకు తెలుపు పూశాను, నుదుటి నుంచి ముక్కుదాకా ఎర్రగీత ఒక్కటి గీస్తే బొమ్మ అయిపోయినట్టే. గీస్తే పాకుతుంది. తుడిచి మళ్లీ గీస్తే మూతి మీదికి దిగుతుంది. బస్సును ఆపాల్సిన ఆమె కాస్తా ఆకువక్క నమిలిన అవ్వలా తయారైంది.

ఎదురుగా పేపరు చదువుతున్నట్టు కూర్చున్న నాయన ఉండబట్టలేకపోయాడు.

"ఏం పాపా, కింద తెలుపు ఆరినాదా?"

"లేదు నాయనా."

"ఆరనీ మల్ల. తడిమీద ఎరుపు పెడితే పాకకుండా ఏం జేస్తాది?"

మళ్లీ తెలుపు పూసి, ఆరిందాకా ఆగాను. కుంచె ఎత్తానో లేదో మళ్లీ మొదలుపెట్టాడు.

"చెయ్యి గాల్లో పెట్టుకోని గీస్తా ఉండావు. అట్లయితే ఎవురి చెయ్యైనా వణకతాది. చిటికెనేలు ఆనించు."

వణకడం అన్న మాట మా ఇంట్లో పైకి వినపడ్డం అదే మొదలు. నా కోపం నా చెప్పుచేతల్లో ఎప్పుడుంది గనక?

"అంత తెలిసినోడివి నువ్వే గియ్యి నాయనా!"

అనేశాక నాలుక కరుచుకున్నాను. నాయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. పంచె మడతలోంచి కుడిచెయ్యి తీశాడు.

"ఇటియ్యి. పోతే బొమ్మేగదా పోయేది, నా మొగం కాదు గదా" అన్నాడు.

నేను బొమ్మను చూడలేదు, చేతినే చూశాను. చిటికెనవేలు బొమ్మ పీఠానికి ఆనింది. కుంచె నుదుటి మీద నిలిచింది, కిందికి దిగింది, లేచింది. చెయ్యి వణకలేదు. అప్పుడు బొమ్మవైపు చూశాను. గీత నిటారుగా ఉంది, చివర కొంచెం లావైంది, అంతే.

"అమ్మయ్య" అని పైకే అనేశాను. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చి, ముక్కు చీదుకోవాల్సి వచ్చింది. తాత గుర్తొచ్చినప్పుడల్లా పట్టుకునే భయం ఇక నిద్ర చెడగొట్టదని తెలిసిపోయింది.

"చివర్న లావైంది, సరిజేస్తా, ఇటియ్యి" అన్నాడు.

"నేనియ్యను" అని బొమ్మను వెనక్కి దాచుకున్నాను. ఆ గీత ఇప్పటికీ అలాగే ఉంది.

నాయన అరచెయ్యి ముందుకు చాచి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత వంటింటివైపు తిరిగి కేకేశాడు.

"ఇదో, నా అద్దం యాడ పెట్టినావు?"

అమ్మ తడిచేతుల్తోనే వచ్చింది. ఎందుకని అడగలేదు. అద్దాన్ని బీరువాలో పడేసి ఉంటుందనుకున్నాను నేను. దేవుడి పటం వెనక నుంచి తీసి ఇచ్చింది. అద్దం మీద దుమ్ము లేదు.