సూర్యలంక వలలో నా వాటా

ఆదివారం తెల్లవారుజామున తెనాలి స్టేషన్లో బాపట్లకు టికెట్ తీసుకున్నాను. ఒక చేతిలో టిఫిన్ క్యారియర్, భుజాన సంచీ. డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పే జుబేదా మేడమ్ సెలవు పూట ఇంత చీకట్లో బయల్దేరిందంటే ఎవరైనా అనుమానిస్తారు. మా అమ్మీ అయితే గుమ్మంలోనే నిలదీసింది, పాట కోసం సముద్రం దాకా పోవాలా, రేడియో పెట్టుకుంటే రాదా అని.

సంగతేమిటంటే, మా చుట్టుపక్కల కాలేజీల్లో తెలుగు, చరిత్ర, కంప్యూటర్లు చెప్పేవాళ్ళం కొందరం కలిసి ఇక్కడివాళ్ళు పని చేస్తూ పాడే పాటల్ని ఇంటర్నెట్‌లో పెడదామనుకున్నాం. మొట్టమొదట ఏ పాట పెట్టాలో ఆ మధ్యాహ్నం రేపల్లెలో కూర్చుని తేల్చాలి. వల లాగే పాట తెస్తానని నేను గొప్పకు పోయి మాటిచ్చాను. తేలేకపోతే, స్టూడియోలో పాడించిన నాట్ల పాట ఒకటి సిద్ధంగా ఉంది. అది వింటే ఆ పాడినావిడ జన్మలో బురదలో కాలు పెట్టలేదని తెలిసిపోతుంది.

బండిలో నా ఎదుట చీరాల బట్టల వ్యాపారి ఒకాయన మూటల మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. కబుర్లలో నా పని చెప్పాను. "మా మగ్గం పాటలు కూడా ఎక్కిస్తారాండి అందులో?" అన్నాడు. తప్పకుండా ఎక్కిస్తామన్నాను. అప్పటికి మేం ఎక్కించింది ఒక్కటీ లేదు. నిడుబ్రోలు దాటాక తెల్లవారింది.

బాపట్ల స్టేషన్ బయట సుధాకర్ ఆటో మాట్లాడి ఉంచాడు. ఇక్కడి కాలేజీలో కంప్యూటర్లు చెబుతాడు, నాకంటే పదేళ్ళు చిన్న. ఇస్త్రీ చొక్కా, బూట్లు, మెళ్ళో చెవిఫోన్లు, ఒళ్ళో ల్యాప్‌టాప్. ఆటోలోనే క్యారియర్ విప్పి ఇడ్లీలు తినేశాం. మీరు సూర్యలంక ఒడ్డుకు వెళ్తే మాత్రం బూట్లు వేసుకోకండి.

సూర్యలంకలో సరుగుడు చెట్ల కింద మేం చేసిన నిర్వాకం ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు అడిగి తెచ్చి, మైకు నిలబెట్టి, వల లాగేవాళ్ళ పాటకు పెద్దయిన కోటయ్య బాబాయిని కూర్చోమన్నాం. పాపం, కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. మైకు వంక చూశాడు, మా వంక చూశాడు, మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. పాట మాత్రం రాలేదు.

"తాడు లేందే గొంతు లేవదమ్మా," అన్నాడు చివరికి. "అయినా లాగేవాళ్ళు లేకుండా ఎవరి పేరు పెట్టి పాడమంటావు?"

అప్పుడు తెలిసింది అసలు విషయం. ఆ పాటలో తాడు పట్టిన ప్రతి మనిషి పేరూ రావాలట. ఊరివాడైనా, దారిన పోయేవాడైనా చెయ్యి వేస్తే పేరు పాటలోకి ఎక్కుతుంది. పేరు ఎక్కినవాళ్ళకు చేపల్లో వాటా ఉంటుంది. పంపకాల దగ్గర పేచీ వస్తే పాటే సాక్ష్యం.

ఇక కుర్చీల్లో కూర్చుని ఏం లాభం? రికార్డరును తువ్వాల్లో కట్టి కోటయ్య బాబాయి మెడకు తగిలించి, ఇద్దరం పోయి తాడు పట్టుకున్నాం. అబ్బ, ఆ బరువు! సముద్రం అవతలి కొసన ఎవరో కూర్చుని వెనక్కి లాగుతున్నట్టే ఉంది. నా ముందున్న ఆడవాళ్ళు కాళ్ళు ఎలా తన్నిపట్టాలో చూపించారు. అంతలో పాట లేచింది.

"తెనాలి జుబేదమ్మ, ఐలేసా!
తాడు పట్ట నేర్చింది, ఐలేసా!
కంప్యూటరు సుధాకరు, ఐలేసా!
కాలు జారి పడ్డాడు, ఐలేసా!"

నిజంగానే పడ్డాడు, బూట్లతో సహా. అందరూ నవ్వుతూనే లాగారు. నేనూ నవ్వి నవ్వి, ఐలేసా అనాల్సిన చోట ఊపిరందక తాడుకు వేలాడాను. అంత సంతోషం నేను ఏ సభలోనూ ఎరగను.

వల ఒడ్డెక్కింది. కవళ్ళ చేపలు ధగధగలాడుతున్నాయి. పంపకాలయ్యాక మా ఇద్దరి వాటా కూడా ఇసుక మీద విడిగా పోశారు. వద్దని మొహమాటపడితే కోటయ్య బాబాయి మొహం మాడ్చుకున్నాడు. పాట మాకిచ్చేటప్పుడు ఆయన ఒకే ఒక్క షరతు పెట్టాడు. "పేర్లు కొయ్యొద్దమ్మా. పేరు కోస్తే ఆళ్ళ వాటా కోసినట్టే." సరేనని ఆయన చేతిలో చెయ్యి వేశాను. కడిగిన టిఫిన్ క్యారియర్లో చేపలు నింపుకుని, బాపట్లలో సోడా కొట్టు దగ్గర ఐసుముక్కలు అడిగి పైన వేసుకున్నాం.

రేపల్లె బస్సు చెరుకుపల్లి మీదుగా వెళ్తుంది. దారి పొడుగునా ల్యాప్‌టాప్ మీద సుధాకర్‌తో నాకు గొడవ. పాట మరీ పొడుగైంది, పేర్లు తీసేస్తే శుభ్రంగా మూడు నిమిషాలకు వస్తుందంటాడు. మాటిచ్చానయ్యా అని నేను. మేడమ్, వినేవాళ్ళకు ఈ పేర్లన్నీ ఎందుకండీ అని అతను. నేను అలిగి కిటికీ వైపు తిరిగాను. కాసేపటికి తిరిగి చూస్తే చెవిఫోన్లు పెట్టుకుని తనలో తాను నవ్వుకుంటున్నాడు. తను పడ్డ చోటుకు వచ్చాడన్నమాట.

"ఇది కూడా కొయ్యాలంటారా?" అన్నాడు.

"నీ ఇష్టం నాయనా, నీ వాటా," అన్నాను. ల్యాప్‌టాప్ మూసేశాడు.

రేపల్లె బస్టాండు దగ్గర భోజనం బాగుంది, గోంగూర పచ్చడి మరీ బాగుంది. మీటింగులో క్యారియర్ను బల్ల కిందికి తోశాను గానీ, వాసన దాగుతుందా! పెద్దగా కూర్చున్నది రిటైరైన చరిత్ర మాస్టారు, మంచి మనిషే. పాట విని మెచ్చుకున్నారు. కానీ ఈ పేర్లు తీసేసి అసలు పాట మాత్రం ఉంచుదామన్నారు. కోటయ్య బాబాయికి ఏ మొహం పెట్టుకుని చెప్పను?

నేను నోరు తెరిచేలోగా సుధాకర్ లేచాడు. "పేర్లు తీస్తే అసలు పాటే ఉండదండి. లాగిన ప్రతివాళ్ళూ ఇందులో ఉన్నారు. నేనూ ఉన్నాను." అని బల్ల కింది నుంచి క్యారియర్ తీసి మూత విప్పాడు. గదంతా నవ్వులే. మాస్టారు కూడా నవ్వి, పాటంతా మళ్ళీ పెట్టించుకున్నారు. రెండోసారి ఐలేసా దగ్గర గదిలో సగం మంది గొంతు కలిపారు. ఇదే మొదటి పాట, పేర్లతో సహా అని తేలింది. నన్నెప్పుడు తీసుకెళ్తారమ్మా అని మాస్టారు మెల్లగా అడిగారు. బూట్లు మాత్రం వద్దండి అన్నాను.

సాయంత్రం తెనాలి పాసింజరెక్కాను. సుధాకర్ పాట ఉన్న రికార్డరును, తన చెవిఫోన్లను నా చేతిలో పెట్టి, తన వాటా చేపలు కూడా నాకే వదిలి బాపట్ల బస్సుకు వెళ్ళిపోయాడు. పక్కన ఖాళీ గంపతో కూర్చున్న చేపలమ్మ ముక్కుతోనే నా క్యారియర్ను పసిగట్టింది. ఎంతకు కొన్నావని అడిగితే కొనలేదు, లాగానని చెప్పాను. నమ్మలేదు. చెవిఫోన్లు ఆమె చెవుల్లో పెట్టాను. భట్టిప్రోలు దాటేదాకా కదలకుండా విన్నది.

"ఇన్ని పేర్లేంటమ్మా ఇందులో?"

"లాగినవాళ్ళవి అక్కా. ఒకటి నాది."

మొదట్నుంచీ మళ్ళీ పెట్టమంది. నా పేరు వచ్చిన చోట నా వంక చూసి తల ఊపింది.

"బాగానే పంచారు," అంది.