తలంబ్రాల వేళ నేను పాడిన బ్లూస్

ఫిబ్రవరి 18, ఆదివారం, ఉదయం 11.20. సూర్యాపేటలో ఒక పెళ్ళి. మిర్యాలగూడ ఆర్కెస్ట్రాలో పంతొమ్మిదేళ్ళుగా ఇతరుల పాటలకు గిటార్ వాయిస్తున్న నేను, తలంబ్రాల వేళ తొలిసారి నా సొంత బ్లూస్ పాట అందుకున్నాను. బ్లూస్ అంటే గుండెకోతను గిటార్‌తో చెప్పుకొనే పాట. రెండో చరణంలోనే పెళ్ళికూతురి మేనత్త మైకు లాక్కున్నది.

"శుభమా అని పెండ్లి జేస్తుంటే గీ ఏడుపు పాటేందయ్యా? బంద్ జెయ్యి!"

మండపమంతా నవ్వింది. ఇక జన్మలో పాడకూడదనుకుని గిటార్‌ను సంచిలో పెట్టేశాను.

సాయంత్రం 4.10కి అప్పగింతలు. ఆ మేనత్తే ఎర్రబడిన కళ్ళతో నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, గా పాట ఇప్పుడు పాడు. పిల్ల పోతున్నది. ఏడ్వాల్సింది ఇప్పుడే గద!"

పాడాను. నడుమ ఒక తీగ తెగినా ఆపలేదు. పెళ్ళికూతురు కారెక్కకుండా చివరిదాకా విన్నది.

ఆనాటి డైరీలో రాసుకున్నది ఇది. పోయినవి: ఒక తీగ, ఒక పూట పరువు. దక్కినవి: నా పాట, కోదాడలో మరో రెండు అప్పగింతలకు పిలుపు.