పడవ రంగుతో రాసిన మాట

ఈ ఏడు వానలు ముందుగానే వచ్చాయి, వచ్చినవి ఊరికే పోలేదు. మా ఇంటి వీధిగోడకి నేను వేసిన సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలిపోయి, ఒక పొద్దున్న నేను వేపపుల్ల నములుతూ బయటికి వచ్చేసరికి, బస్సు కోసం నిలబడ్డ కాలేజీ కుర్రాళ్ళు నలుగురు మా ఇంటికేసి చూసి నవ్వుకుంటున్నారు. నన్ను చూసి నవ్వడం మా ఊరికి కొత్త కాదు, యాభై ఏళ్ళుగా నవ్వించడమే తప్ప నేను ఊరికి చేసిన మేలు వేరే లేదు. కాని నన్ను దాటి గోడని చూసి నవ్వుతున్నారేమిటా అని వెనక్కి తిరిగి చూస్తే, మూరెడేసి నీలం అక్షరాలు, నిన్ననే రాసినంత నిగనిగలాడుతూ, 'మీ బిడ్డ ఎంత పెద్ద చదువు చదివినా ఫీజు మొత్తం మాదే' అని నన్ను పలకరించాయి. వాళ్ళలో ఒకడు, ఇది ఏ పార్టీ వాళ్ళు రాయించారు తాతా, ఇంకా ఎన్నికలు రాలేదు కదా అని అడిగాడు. నేను వేపపుల్ల ఉమ్మేసి, బస్సొస్తోంది చూసుకోండర్రా అన్నాను.

ఆ అక్షరాలు నావే. ఎలా నావయ్యాయో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. మీకూ నా వయసే ఉంటుంది కాబట్టి వెనక్కి నడవడం మనకి పెద్ద కష్టం కాదు, ముందుకు నడవడానికే మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు.

నేను ఏడో తరగతి రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా చదివితే మేష్టారే విసుగెత్తి బడి మానేస్తారేమోనని జాలిపడి నేనే మానేశాను. మా అయ్య నన్ను వేటకి తీసుకుపోయాడు. సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టినవాడినే గాని, పడవ రెండో అల దాటకముందే నా కడుపులోని అంబలంతా గంగమ్మకి సమర్పించుకునేవాడిని. మూడు రోజులు చూసి, చేపలకి మేత వేయడానికి వీడెందుకని మా అయ్య నన్ను ఒడ్డున దింపేశాడు. ఒడ్డున మా అయ్యకి తమ్ముడి వరసయ్యే ముసలాయన ఒకడు పడవలకి రంగులు వేసేవాడు, చినాన్న అనేవాళ్ళం. ఆయనకి రంగులు వచ్చుగాని అక్షరాలు రావు, నాకు అక్షరాలు తప్ప ఇంకేమీ రావు. అలా ఏడో తరగతి తప్పినవాడిని ఊరికంతటికీ రాతగాడినైపోయాను.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ముక్కుకి నూనె రంగు వాసన తగులుతుంది. వేట ఆపిన నెలల్లో పడవలన్నీ ఇసకలో బోర్లా పడుకునేవి, వాటిని గీకి, పగుళ్ళు పూడ్చి, ఎరుపూ పసుపూ నీలం చారలు కొట్టి, చివర ముక్కు మీద పేరు రాయడం నా వంతు. ఇద్దరు పెళ్ళాలున్న పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన పడవకి ఈ వైపు పెద్దావిడ పేరు, ఆ వైపు చిన్నావిడ పేరు రాయమన్నాడు, ఎవరి ఇల్లు ఎటు ఉంటే వాళ్ళకి వాళ్ళ పేరే కనబడాలని. నేను తిన్నగా రాసి ఊరుకోవచ్చు కదా, అక్షరాల్లో ఒకరిది జానెడు, ఇంకొకరిది బెత్తెడు చేశాను. నెల్లాళ్ళు ఆయన ఏ ఇంట్లోనూ అన్నం తినలేదు. నాకు మాత్రం ఒడ్డునున్న వాళ్ళందరూ టీ పోయించారు.

ఎన్నికలొస్తే పడవలు వదిలి గోడల మీద పడేవాళ్ళం. అక్కడ మా చినాన్నది ఒకటే పద్ధతి. పడవకి వేసేది నూనె రంగు, అది ఎండకి పగలకూడదు, ఉప్పునీటికి ఊడకూడదు. ఓట్ల రాతకి మాత్రం నీళ్ళ రంగు, సున్నపు నీళ్ళలో ఇంత రంగు పొడీ ఇంత జిగురూ కలిపితే చాలు. ఓట్లయ్యాక చెరపడానికి కూడా మనల్నే పిలుస్తారు, రాసినందుకో కూలి, చెరిపినందుకో కూలి. ఖరీదైన రంగు గోడకెందుకు పాడుచేయడమని నేనొకసారి నవ్వబోతే ఆయన నవ్వలేదు. "మాట ఎన్నాళ్ళుంటాదో రంగూ అన్నాళ్ళే ఉండాలిరా," అన్నాడు. అంత చదువు నాకు ఏడో తరగతిలో రెండేళ్ళూ ఎవరూ చెప్పలేదు. చెప్పినా నేను వినలేదు, అది వేరే సంగతి.

చినాన్న పోయాక చాన్నాళ్ళకి వచ్చాయి ఆ ఎన్నికలు. ఏ ఎన్నికలో చెప్పను, ఏ నాయకుడో అసలే చెప్పను. చెప్పకపోయినా మీలో సగం మంది మీ ఊరికి వచ్చినవాడే మా ఊరికీ వచ్చాడనుకుంటారు, అందులో తప్పూ లేదు. జీపు మీద నిలబడి మాట్లాడి, దిగి, గుంపులోంచి మా అప్ప కూతురిని చెయ్యి పట్టి పైకి తీసుకున్నాడు. మా వైపు అక్కని అప్ప అంటాం. నా మేనకోడలు అప్పుడే ఇంటర్ పాసైంది, మా పేటలో ఆడపిల్ల అంతదాకా చదవడం అదే మొదలు. ఏం చదువుతావమ్మా అని మైకు దాని నోటి దగ్గర పెడితే, ఫీజు తక్కువున్నది ఏదుంటే అది చదువుతానండి అంది. జనం నవ్వారు. ఆయన నవ్వలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకుని, దాని తలమీద చెయ్యి వేసి, ఇక నువ్వు ఫీజు మాట ఎత్తకూడదు తల్లీ, ఎంత పెద్ద చదువైనా చదువు, మొత్తం మాదే అన్నాడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నా చేతులే ఎక్కువసేపు కొట్టి ఉంటాయి.

ఆ సాయంత్రం నేను చేసిన పని మా వృత్తిలో ఎవడూ చేయడు. మా బావ పడవకి వేయగా మిగిలిన నీలం నూనె రంగు సగం డబ్బా నా దగ్గర ఉంది. దాంతో, ఎవరూ అడక్కుండా, కూలి లేకుండా, నా సొంత గోడ మీద ఆ మాట రాసుకున్నాను. మా ఆవిడ వాకిట్లో నిలబడి, పడవ రంగు గోడకి పూస్తున్నావు, మతి పోయిందా అని అడిగింది. ఈ మాట సముద్రం మీదకెళ్ళినా చెక్కుచెదరదే అన్నాను. నిచ్చెన దిగేసరికి డబ్బా ఖాళీ అయింది, నాయకుడి పేరూ పార్టీ గుర్తూ రాయడానికి రంగు మిగల్లేదు. మర్నాడు ఆ రెండూ నీళ్ళ రంగుతో రాశాను.

తర్వాత వచ్చిన చిక్కు, సీటు. విజయనగరంలో సర్కారు కాలేజీలో బీయస్సీ సీటు దానికి ఖాయం, రోజూ బస్సులో వెళ్ళి రావచ్చు. పట్నం అవతల కొత్తగా కట్టిన పెద్ద యూనివర్సిటీలో ఇంజినీరింగు సీటూ వచ్చింది. దాని ఫీజు వింటేనే మా బావ తువ్వాలు నెత్తిన వేసుకున్నాడు. అప్పా బావా ఇద్దరికీ చదవడం రాదు. మా అప్ప చేపల తట్ట నెత్తిన పెట్టుకుని సంతలు తిరిగే మనిషి, కాగితం ఏదొచ్చినా నా దగ్గరికే తెచ్చేది, నేను చదివిందే దానికి వేదం. పిల్ల బీయస్సీ చాలంది. అప్ప మాత్రం నా మొహంకేసి చూసింది. నేను గోడ చూపించాను.

"నేనే రాసినాను కదా అప్పా, అదీ పడవ రంగుతో. ఎక్కడికి పోతాది?"

ఆ ఒక్క మాట మీద పిల్ల యూనివర్సిటీలో చేరింది. పదో తరగతి నుంచీ ఉన్న అసలు సర్టిఫికెట్లన్నీ చేరేటప్పుడే వాళ్ళకి అప్పజెప్పింది.

మొదటి ఏడాది గడిచింది. రెండో ఏడాది ఫీజు పెంచారు. ప్రభుత్వం నుంచి వచ్చేది పాత ఫీజుకేనట, పెరిగింది మీరే కట్టుకోవాలన్నారు. ఆ పాతదైనా ఎప్పుడొస్తుందంటే ఈ విడత కాకపోతే వచ్చే విడత అన్నారు. మా బావ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, పడవ ఇంజను అమ్మి కట్టేశాడు. ఇంజను పోయిన పడవ ఇసకలో ఉండిపోయింది, ఆయన వేరేవాళ్ళ పడవలో కూలికి వెళ్ళడం మొదలుపెట్టాడు. మూడో ఏడాది మళ్ళీ పెంచారు. బకాయి తీరిస్తే తప్ప పరీక్షకి హాల్ టికెట్ ఇవ్వమన్నారు.

అప్పుడు నేను గెలిచిన ఆ నాయకుడి ఇంటికి వెళ్ళాను. అప్పని తీసుకెళ్ళలేదు, నా నోరు సంగతి నాకు తెలుసు కదా, నాలుగు మాటలు చెప్పి నవ్వించి పని చక్కబెట్టుకొస్తానని. వరండాలో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. నవ్వించడానికి అక్కడ ఎవరూ మిగల్లేదు, అందరూ నాలాగే వచ్చినవాళ్ళు. చివరికి ఆయన మనిషి ఒకడు బయటికొచ్చి, నన్ను గుర్తుపట్టి, సంతోషంగా భుజం మీద చెయ్యి వేశాడు. మండల పరిషత్ ఎన్నికలొస్తున్నాయి, నీకోసమే చూస్తున్నాం, సంత దారిలో గోడలన్నీ నీవే, రేపే రంగులు పట్టుకురా అన్నాడు. ఫీజు సంగతి ఎత్తితే, పని మొదలుపెట్టు, అయ్యగారితో ఆ మాట నేను చెప్తాను కదా అన్నాడు.

నేను వెళ్ళాను. దగ్గర్లో తిరిగితే పని అవుతుందనుకున్నానని మా ఆవిడకి చెప్పాను, అది సగం నిజం. మిగతా సగం, ఆ నెల ఇంట్లో గింజ లేదు. సంత దారిలో నిచ్చెన ఎక్కి, ఈసారి చినాన్న పద్ధతిలోనే నీళ్ళ రంగుతో, ప్రతి ఇంట్లో పట్టభద్రులు అనో ఏదో అలాంటిదే రాస్తున్నాను. అప్ప ఖాళీ తట్ట చంకన పెట్టుకుని సంత నుంచి వస్తూ కిందన ఆగింది.

"ఏటి రాస్తన్నావురా?" అంది.

పుట్టి బుద్ధెరిగాక నేను చెప్పిన అబద్ధాలు కుప్ప పోస్తే ఒడ్డున పడవ ఎత్తుంటుంది, అన్నీ నవ్వడానికి చెప్పినవే. నవ్వు కోసం కాకుండా చెప్పింది ఆ ఒక్కటే. కొట్టు పేరు అప్పా అన్నాను. అప్పకి చదవడం రాదు, ఆ ధైర్యమే నాది. కాని ఓటేసిన ప్రతి మనిషికీ, అక్షరం రాకపోయినా, పార్టీ గుర్తు వచ్చు. అది గోడ చివర నేను అప్పటికే వేసి పెట్టాను. అప్ప ఆ గుర్తుకేసి చూసింది, నాకేసి చూసింది, తట్ట ఆ చంకనించి ఈ చంకకి మార్చుకుని వెళ్ళిపోయింది. ఆ మర్నాటి నుంచి కూడా మా ఇంటికి చేపలు వేయడం మానలేదు, అవి మా ఆవిడ చేతికిచ్చి వెళ్ళేది. కాగితాలు మాత్రం నా దగ్గరికి తేవడం మానేసింది, పోస్టాఫీసు దగ్గర ఎవరిచేతో చదివించుకునేదట. అప్ప పోయి మూడేళ్ళయింది. ఆ గోడ సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు.

పిల్ల పరీక్ష రాయలేదు. రేకుపెట్టె పట్టుకుని బస్సు దిగింది. సర్టిఫికెట్లు బకాయి కింద అక్కడే ఉండిపోయాయి, అవి లేకుండా విజయనగరం బీయస్సీ కూడా లేదు. పెద్ద చదువు పోతే పోయింది, నా మాట వల్ల చిన్న చదువు కూడా పోయింది. ఇప్పుడది రొయ్యల షెడ్డులో తలలు ఒలిచే పనికి వెళ్తుంది. లెక్క తప్పిపోతే సూపర్వైజరు దాన్నే పిలుస్తాడట.

మా ఇంటి గోడ మీద నాయకుడి పేరూ గుర్తూ మొదటి వానకే కరిగిపోయాయి. మాట మిగిలింది. పిల్ల తిరిగొచ్చిన ఏటి నుంచి ఏటా సున్నం వేస్తున్నాను, ఏటా ఏదో ఒక మూల నుంచి నీలం పైకి వస్తూనే ఉంది, ఒకసారి 'ఫీజు' అని, ఒకసారి 'మాదే' అని. పడవ రంగు కదా, నేర్పినవాడు బాగానే నేర్పాడు.

మొన్న ఆదివారం మేనకోడలు కూతురిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆ పిల్ల తొమ్మిదో తరగతి, తల్లి పోలికే, చదువులో కూడా. తల్లి కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తుంటే, పిల్ల వీధిలోకి వెళ్ళి గోడ మొత్తం పైకి చదివింది. పేరుంటుందేమోనని కింద కూడా వెతికింది. పేరు లేదు. ఇల్లు నాది, గోడ నాది.

"తాతా, నా ఫీజు నువ్వు కడతానని రాసినావా?"

నా మేనకోడలు తల ఎత్తలేదు, చేతిలో పని ఆపలేదు.

"తాత రాసినాడంతేనే. మాటిచ్చినోలు ఏరే," అంది.

ఎంత మంచిగా అందో. అందులో అబద్ధమూ లేదు. కాని అది యూనివర్సిటీకి వెళ్ళింది జీపు మీద నిలబడినవాడి మాట నమ్మి కాదు, నిచ్చెన మీద నిలబడినవాడి మాట నమ్మి. ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు. అది ఇంకో చేప అందుకుంది, నేను పొలుసులు ఊడ్చాను.

ఇప్పుడు గోడ రాతలు లేవు. అన్నీ ఫ్లెక్సీలే. మాట ఇచ్చిన వారానికే గాలికి చిరుగుతాయి, మా వాళ్ళు తెచ్చుకుని ఇసకలో పరిచి వాటి మీద నెత్తళ్ళ చేపలు ఎండబెట్టుకుంటారు, నాయకుడి నవ్వు మీద కాకులు వాలతాయి. చూస్తే నవ్వొస్తుంది, నేనే నలుగురికీ చూపించి నవ్విస్తాను. ఫీజులు మాత్రం పాతకాలపు పద్ధతిలోనే ఉన్నాయి, ఏడాదికేడాది పెరగడంలో వాటికి వానా ఎండా లేవు. మా రోజుల్లో మాట అబద్ధమైనా, దాన్ని రాసిన చెయ్యి ఒకటి ఉండేది, అడగడానికి ఒక మనిషి ఊళ్ళో ఉండేవాడు. ఇప్పుడు ఎవరిని అడుగుతారు, అచ్చేసిన మిషన్నా?

సున్నం తెచ్చి బకెట్లో నానబోశాను. అది చల్లారి మీద పొర కట్టి పది రోజులైంది, మా ఆవిడ రోజూ దాన్ని తప్పుకుని నడుస్తోంది. ఇన్నేళ్ళూ ఆ గోడ కప్పింది ఊరి కోసం కాదు, మా అప్ప కోసం. చదవడం రాని మనిషికి భయపడి, ఆ మనిషి పోయాక కూడా, ఏటా సున్నం కొట్టాను. చదవడం వచ్చిన పిల్ల వచ్చి చదివేసింది, ఇంక ఎవరి దగ్గర కప్పాలి?