ఎనిమిదో నెలలో నేను లాగేసిన కంచం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, కడుపుతో ఉన్న కన్నకూతురి ముందు నుంచి కంచం లాగేసిన తండ్రిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, అంబాజీపేటలో కొబ్బరికాయలు ఏరి రకాలు కట్టే నన్ను చూడండి.

నా భార్య రెండో కాన్పులో చనిపోయింది. ఏనుగు గున్నంత మగబిడ్డ, బయటికి రాలేక ఇరుక్కుపోయాడు, తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు. అప్పటికి నాలుగేళ్లున్న మా ఎస్తేరును మా అక్క మార్తమ్మే పెంచింది. ఆనాటి నుంచి పెద్ద బిడ్డ అంటే నాకు భయం, అదీ మామూలు భయం కాదు, వరద గోదావరి గడప దాటి వచ్చి మంచమెక్కి కూర్చున్నంత భయం!

కిందటేడు ఎస్తేరు తొలికాన్పుకు మా ఇంటికి వచ్చింది. అల్లుడు కువైట్‌లో ఉన్నాడు. ఏడో నెల రాగానే మా అక్క నోరు విప్పింది. ఆవిడ మా పెరట్లో దగ్గితే సెంటర్లో కొబ్బరి లారీలు బ్రేకులు వేస్తాయి.

"తమ్ముడూ, ఈ మూడు నెలలూ పిల్ల నోరు కట్టెయ్యాలి. తిన్నదంతా బిడ్డకే పోద్ది. దాని తల్లి సంగతి మర్చిపోయేవా?"

మర్చిపోవడమా!

పరీక్షలకు తీసుకువెళ్లినప్పుడు మా ఊరి నర్సమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "బాబాయ్ గారూ, ఈ ఆఖరి నెలల్లోనేనండి బిడ్డ కళ్లు తెరిచేది, తోలు కింద కొవ్వు చేరేది, మెదడు మడతలు మడతలుగా పెరిగేది. ఊపిరితిత్తులు చివరాకర్న పండుతాయండి. అమ్మాయికి బాగా పెట్టండి."

"ఆయ్, ఆయ్" అని మెడ నొప్పెట్టేలా తల ఊపి, ఇంటికొచ్చి పిల్లకు గిన్నెడు జావ పోశాను. కాయలో ముందు నీళ్లే ఉంటాయని, కొబ్బరి దళసరెక్కేది ఆఖరి నెలల్లోనేనని, తొందరపడి దింపిన కాయ ఎండబెడితే చెప్పుతోలులా ముడుచుకుపోతుందని కోనసీమంతటికీ ఉపన్యాసాలిచ్చిన మహానుభావుణ్ని నేను! నా ఇంట్లో మాత్రం ఆ జ్ఞానం అడుగు పెట్టలేదు.

"నాన్నా, ఇంకొక్క ముద్ద పెట్టవా?" అనేది ఎస్తేరు.

"చాలమ్మా, లే" అనేవాణ్ని. పూటపూటా అదే మాట.

ఎనిమిదో నెలలో బిడ్డ తన్నడం తగ్గిందని ఎస్తేరు చెబితే, తల కిందికి తిరిగి ఉంటుంది, కదలడానికి చోటు చాలదు అని నేనే పెద్ద డాక్టరునై తేల్చేశాను. ఒక పొద్దుట బిడ్డ అసలు కదలలేదు. అమలాపురం ఆసుపత్రిలో స్కానింగ్ చూసిన డాక్టరమ్మ, బిడ్డ ఎదుగుదల ఎప్పుడో ఆగిపోయిందని, గుండె నెమ్మదిస్తోందని, వెంటనే ఆపరేషన్ చేసి తీసేయాలని చెప్పింది. "ఎనిమిదో నెల బిడ్డ నిలవదురా!" అని మా అక్క వరండాలో కూలబడింది. నేనేమో పాస్టరుగారికి ఫోను చేసి, మా ఇంటి మీద సాతాను దాడి జరుగుతోంది, ప్రార్థించండి అని అరిచాను. నిజానికి ఆ రోజుల్లో మా ఇంట్లో సాతానుకు పనే లేదు సహోదరులారా, వాడి పనంతా నేనే చేసిపెట్టాను.

ఆడపిల్ల పుట్టింది, కిలో నాలుగు వందల గ్రాములు. వొలిచిన కాయలు మూడు కలిపితే అంతకంటే బరువు తూగుతాయి. నూరేళ్ల ముసలమ్మలా ముడతలు పడిన ఒళ్లు, ఊపిరి తీసినప్పుడల్లా లోపలికి దిగబడిపోయే డొక్కలు. అద్దాల పెట్టెలో, గొట్టాల మధ్య, నా మనవరాలు.

పదకొండు రోజులకు అక్కడి నర్సు నన్ను పిలిచింది. తల్లికి జ్వరంగా ఉంది కాబట్టి బిడ్డను నా ఒంటికి ఆనించి వెచ్చగా పెట్టుకోవాలట.

"చొక్కా విప్పండి బాబాయ్ గారూ."

"నేనాండీ?"

"మరి అల్లుడుగారు కువైట్ నుంచి విప్పుతారాండీ?"

కొబ్బరి పీచులాంటి నా ఛాతీ మీద ఆ పిడికెడు ప్రాణాన్ని పడుకోబెట్టి నర్సు అంది, "మాట్లాడండి. కడుపులో ఉండగానే వింటారండి. మీ గొంతు ఈ పిల్లకి తెలుసు."

నా గొంతు తెలుసట! కడుపులో ఉండగా రోజూ మూడు పూటలా నా నోటి నుంచి ఈ బిడ్డ విన్నదేమిటి? "చాలమ్మా, లే." అంతే కదా! పాప వీపు మీద అరచెయ్యి ఆనించి ప్రార్థన మొదలుపెట్టాను.

"ప్రభువా, ఇది సాతాను పని కాదు, నా పని. పోయిన నా భార్యను తలుచుకుని, ఉన్న కూతురి కడుపు మాడ్చాను. ఈ బిడ్డకు పట్టవలసిన కండ నేనే తినేశాను, ఊపిరి నేనే తినేశాను. నువ్వు చీకట్లో కూర్చి చేస్తున్న దాన్ని మధ్యలో నీ చెయ్యి పట్టుకుని ఆపాను తండ్రీ. నన్నేం చేసినా సరే, దీన్ని మాత్రం పూర్తి చెయ్యి."

తర్వాత వెళ్లి ఎస్తేరుతో ఉన్నదున్నట్టు చెప్పాను. గోడవైపు తిరిగి పడుకుంది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజున, "పాప బరువెంత నాన్నా?" అంది. ఇరవై గ్రాములు పెరిగిందమ్మా అన్నాను. చెంచాల్లో కొలిచే ఆ బరువు ఆవేళ నాకు రెండు లారీల లోడంత కనిపించింది! నెల దాటాక గొట్టాలన్నీ తీసేశారు, తన ఊపిరి తానే తీసుకుంటూ నా మనవరాలు ఇంటికి వచ్చింది, దేవునికే మహిమ!

ఇప్పుడు పాపకు ఏడో నెల నడుస్తోంది. మెడ ఇంకా సరిగా నిలవడం లేదు. కాస్త నెమ్మదిగా ఎదుగుతుంది, కనిపెట్టుకుని ఉండండి అన్నారు డాక్టరమ్మ. అద్భుతంగా లేచి పరుగెడుతోందని మీతో చెప్పాలని నా నాలుక దురద పెడుతోంది గానీ, చెప్పను. ఎస్తేరు నన్ను క్షమించిందో లేదో అడిగే ధైర్యం నాకింకా రాలేదు. బిడ్డను మాత్రం నా చేతికిస్తోంది. అందుకు రోజూ కన్నీళ్లతో స్తుతిస్తున్నాను. నన్ను ఇన్నేళ్లు పట్టి పీడించిన భయం ఆ అద్దాల పెట్టె దగ్గరే నన్ను వదిలింది, స్తోత్రం!

మీ ఇంట్లో నెలలు నిండుతున్న ఆడపిల్ల ఉందా? ఆ కడుపులో బిడ్డను కూర్చుతున్నవాడు చేతకానివాడు కాడు, ఆయనను నమ్మండి. మీ భయం ఆయన పాదాల దగ్గర పెట్టండి. అన్నం మాత్రం పిల్లకే పెట్టండి.